స్టీమ్‌పంక్ నవలలు చదవడం, రివ్యూ రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు ఈ పిచ్చి ఉందని తెలిసిన స్నేహితులు, వాళ్ల కాలేజీ పిల్లలు, అప్పుడప్పుడు పుస్తక ప్రదర్శనలో పక్కన నిలబడ్డవాళ్లు అడిగే ప్రశ్నలే ఇవన్నీ. జవాబులు నా సొంత అభిప్రాయాలు. వేరే అభిమానిని అడిగితే సగం తిరగబడొచ్చు.

అసలు స్టీమ్‌పంక్ అంటే ఏంటండీ?

పెట్రోలు, కరెంటు, చిప్పులు లోకాన్ని ఏలకముందే ఆవిరియంత్రమే పెరిగి పెద్దదై, దానితోనే విమానాలూ కంప్యూటర్లూ యంత్రమనుషులూ తయారై ఉంటే మనుషుల బతుకులు ఎలా ఉండేవో ఊహించి రాసే కథలు. కాలం ఎక్కువగా 19వ శతాబ్దం, ఊరు ఎక్కువగా లండన్. ఎయిర్‌షిప్‌లు (తేలికైన వాయువు నింపిన పెద్ద సంచితో గాల్లో తేలే ఓడలు), ఇత్తడి గేర్లు, గాగుల్స్, బొగ్గుపొగ పేజీ పేజీకీ తగులుతుంటాయి. అవి పైపై గుర్తులే. వాటిలో ఒక్కటీ లేకుండా మంచి స్టీమ్‌పంక్ ఉంటుంది, అన్నీ ఉండి చెత్త కూడా ఉంటుంది (చాలానే ఉంది).

ఆ పేరు ఎవరు పెట్టారు?

కె.డబ్ల్యూ. జీటర్ అనే అమెరికన్ రచయిత, సగం సరదాకి. లోకస్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకి ఆయన రాసిన ఉత్తరం 1987 ఏప్రిల్ సంచికలో వచ్చింది. తనూ, తన మిత్రులు టిమ్ పవర్స్, జేమ్స్ బ్లేలాక్ రాస్తున్న విక్టోరియా కాలపు కథలకి ఏదో ఒక పేరు కావాలి కదా అని, అప్పట్లో సైబర్‌పంక్ (కంప్యూటర్ల లోకంలో అట్టడుగున బతికే తిరుగుబాటుదారుల కథలు) జోరు మీద ఉంది కాబట్టి దాన్ని చూసి 'స్టీమ్‌పంక్స్' అందాం అన్నాడు. తమాషా ఏంటంటే ఈ ముగ్గురూ కాలిఫోర్నియావాళ్లు. లండన్ మురికివాడల వివరాలన్నీ హెన్రీ మేహ్యూ అనే 19వ శతాబ్దపు జర్నలిస్టు పుస్తకంలోంచి తీసుకున్నారు. అందులో చెత్త ఏరుకునేవాళ్లు, మురుగుకాలవల్లో ఇనుపముక్కలు వెతుక్కునేవాళ్లు, పొగగొట్టాలు ఊడ్చే పిల్లలు, వీళ్లందరి మాటలూ ఉంటాయి. అంటే ఈ తరహా కథలకి పునాది దొరగారి డ్రాయింగ్ రూములో పడలేదు, వీధిలో పడింది. తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది ఇది మర్చిపోయారని నా ఫిర్యాదు.

జూల్స్ వెర్న్, హెచ్.జి. వెల్స్ స్టీమ్‌పంక్ రచయితలేనా?

కాదు. సైన్స్ ఫిక్షన్‌కి తొలి పెద్దలైన ఈ ఇద్దరికీ ఆవిరి అంటే గడిచిపోయిన కాలం కాదు, అప్పుడు నడుస్తున్న కాలం. వాళ్లు ముందుకి చూసి రాశారు, స్టీమ్‌పంక్ రచయితలు వెనక్కి తిరిగి రాస్తారు. అయినా ఇద్దర్నీ చదవాల్సిందే, లేకపోతే తర్వాతి నవలల్లో సగం చమత్కారాలు అందవు.

మొదట ఏది చదవాలి?

మీరు మామూలుగా ఏం చదువుతారో చెబితే తప్ప జవాబు చెప్పడం కష్టం. పరుగులు పెట్టించే కథ కావాలంటే చెరీ ప్రీస్ట్ 'బోన్‌షేకర్' (2009). అంత ఓపిక లేదు, ముందు రుచి చూస్తానంటే పి. జెలి క్లార్క్ రాసిన కైరో కథల్లో మొదటిది 'ఎ డెడ్ జిన్ ఇన్ కైరో', ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. ఇంట్లో పన్నెండు, పదమూడేళ్ల పిల్లలుండి కలిసి చదవాలంటే స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ 'లెవయథన్'. అందులో 1914 యుద్ధం జరుగుతుంటుంది, ఒక పక్షం యంత్రాలతో, రెండో పక్షం జంతువుల్ని మార్చి తయారుచేసిన జీవులతో పోరాడతాయి, లెవయథన్ అనే ఎయిర్‌షిప్పే ఒక తిమింగలం! కీత్ థామ్సన్ బొమ్మలు కూడా ఉంటాయి కాబట్టి ఫోన్లో కంటే అచ్చు పుస్తకమే కొనండి.

'ది డిఫరెన్స్ ఇంజిన్' గొప్పదంటే మొదలుపెట్టాను, వంద పేజీలకి ఆపేశాను. నాలో లోపమా?

మీలో లోపం కాదు. విలియం గిబ్సన్, బ్రూస్ స్టెర్లింగ్ కలిసి 1990లో తెచ్చిన ఈ నవలని అందరూ మొదటి పుస్తకంగా సిఫార్సు చేస్తారు. నా దృష్టిలో అది నాలుగోదో ఐదోదో కావాలి. ఎందుకంటే అసలు చరిత్ర కొంత తెలిస్తేనే వాళ్లు ఎక్కడెక్కడ మెలిపెట్టారో కనిపిస్తుంది.

అసలు చరిత్ర ఇది. చార్లెస్ బాబేజ్ లెక్కల పట్టికలు తప్పుల్లేకుండా తయారుచేసే యంత్రం (దాని పేరే డిఫరెన్స్ ఇంజిన్) కడతానన్నాడు, బ్రిటిష్ ప్రభుత్వం 1823 నుంచి డబ్బు ఇస్తూ పోయింది, సుమారు 17,000 పౌండ్లు అయ్యాయి, యంత్రం మాత్రం పూర్తికాలేదు. 1842లో ఇక మావల్ల కాదని చేతులెత్తేశారు. అది అసలు పనిచేసేదేనా అని తర్వాత చాలాకాలం వాదనలు నడిచాయి. లండన్ సైన్స్ మ్యూజియం వాళ్లు బాబేజ్ రెండో డిజైన్ తీసుకుని, ఆయన కాలంలో సాధ్యమైన కొలతల్లోనే భాగాలు చేయించి, 1991లో ఆయన 200వ పుట్టినరోజుకి లెక్కలు చేసే భాగాన్ని పూర్తిచేశారు. పనిచేసింది! ప్రింటర్ భాగం 2002లో పూర్తయింది. మొత్తం దాదాపు ఐదు టన్నులు, ఎనిమిది వేల భాగాలు.

నవల అడిగే ప్రశ్న ఒక్కటే: అది అప్పుడే పనిచేసి ఉంటే? జవాబుగా 1855 లండన్‌లో కవి బైరన్ ప్రధానమంత్రిగా ఉంటాడు, పోలీసులు పౌరుల వివరాలన్నీ కార్డుల మీద రంధ్రాలుగా దాచుకుంటారు. ఇప్పుడు ఆధార్ లింకు చేయించుకోవడానికి లైన్లో నిలబడి అది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. కథ నడక మాత్రం నిజంగానే నత్తనడక, అది ఒప్పుకోవాలి.

కెప్టెన్ నీమో భారతీయుడని విన్నాను, నిజమేనా?

నిజమే, కానీ కథ కొంచెం పెద్దది. నీమో అంటే వెర్న్ నవలల్లో జలాంతర్గామి నడిపే కెప్టెన్. వెర్న్ ముందు ఆయన్ని పోలండ్ దేశస్థుడిగా, రష్యా మీద పగబట్టినవాడిగా అనుకున్నాడు. పుస్తకాలు రష్యాలోనూ అమ్ముడుపోవాలి కదా అని ప్రచురణకర్త హెట్జెల్ ఒప్పుకోలేదు. అందుకే 'సముద్రం అడుగున ఇరవై వేల లీగులు'లో నీమో ఏ దేశంవాడో తేల్చకుండా వదిలేశాడు. తర్వాత 1875కి పూర్తయిన 'ది మిస్టీరియస్ ఐలాండ్'లో ముసుగు తీశాడు: ఆయన అసలు పేరు డక్కర్, బుందేల్‌ఖండ్ రాజుగారి కొడుకు, టిప్పు సుల్తాన్‌కి మేనల్లుడి వరస, 1857 తిరుగుబాటులో పోరాడి కుటుంబాన్ని పోగొట్టుకున్నవాడు. బుందేల్‌ఖండ్‌కీ మైసూరుకీ ఈ చుట్టరికం ఎలా కుదిరిందని అడక్కండి, వెర్న్‌కి మన మ్యాపు దూరం నుంచే తెలుసు.

అసలు జాగ్రత్త పడాల్సింది అనువాదాల దగ్గర. 1875లో కింగ్‌స్టన్ పేరుతో వచ్చిన ఇంగ్లీష్ అనువాదంలో నీమో తన గతం చెప్పుకునే చోట బ్రిటిష్ వాళ్ల మీద విమర్శని మెత్తబరిచి తిరగరాశారు. అదే పాఠం వందేళ్లకి పైగా చవక ముద్రణల్లో తిరుగుతోంది, మనలో చాలామంది చదివింది అదే. 'ఇరవై వేల లీగులు'కి మెర్సియర్ చేసిన పాత అనువాదంలోనూ దాదాపు పాతిక శాతం ఎగిరిపోయింది. కొనేముందు లోపలి పేజీలో అనువాదకుడి పేరు చూడండి. 'ఇరవై వేల లీగులు'కి ఎఫ్.పి. వాల్టర్ పూర్తి అనువాదం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఉచిత పుస్తకాల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 'మిస్టీరియస్ ఐలాండ్'కి సిడ్నీ క్రావిట్జ్ లేదా జోర్డాన్ స్టంప్ చేసినవి చూడండి. రివ్యూ రాసేటప్పుడు మీరు చదివింది ఎవరి అనువాదమో ఒక ముక్క రాస్తే మీ తర్వాత చదివేవాళ్లకి పెద్ద సాయం.

ఆవిరి ఏనుగు కథ కూడా వెర్న్‌దేనట కదా?

ఆయనదే, 1880లో వచ్చింది, 'ది స్టీమ్ హౌస్' అంటారు. ఉక్కు ఏనుగు, తొండంలోంచి పొగ, వెనకాల చక్రాల మీద రెండు బంగళాలు, కలకత్తా వైపు నుంచి హిమాలయాల దాకా ప్రయాణం. బొమ్మగా చూస్తే అంతకంటే అందమైన స్టీమ్‌పంక్ యంత్రం లేదు. కానీ ఇందులో 1857 నాయకుడు నానాసాహెబ్ పచ్చి విలన్, బండిలో ఉన్న ఇంగ్లీష్ కల్నల్ బాధితుడు. నాలుగైదేళ్ల ముందు అదే తిరుగుబాటు వీరుణ్ని నీమోగా చేసి కన్నీళ్లు పెట్టించిన చెయ్యే ఇదీ రాసింది. రెండూ వెంటవెంటనే చదివి చూడండి, రివ్యూకి బోలెడు సరుకు దొరుకుతుంది.

ఇదంతా తెల్లదొరల కాలం మీద మోజు కాదా? మనవాళ్లకి ఇందులో ఏముంది?

నన్ను ఎక్కువమంది అడిగేది, నేను ఎక్కువసేపు మాట్లాడేదీ ఇదే.

మోజు ఉంది, కాదనను. టీ పార్టీలు, గౌనులు, టోపీకి అంటించిన గేర్లు, క్వీన్ విక్టోరియాకి జై, అక్కడితో ఆగిపోయే నవలలు కొల్లలు. అవి చదువుతుంటే నాకు ఒకటే సందేహం: ఈ ఎయిర్‌షిప్ బాయిలర్లోకి బొగ్గు వేస్తున్నది ఎవరు? ఆ గౌను పత్తి ఎక్కడిది, టీ ఏ తోటది, ఇత్తడికి రాగి తవ్వినవాడికి కూలి ఎంత? రచయితకి ఈ ప్రశ్న తట్టిందా లేదా అన్నదే నా దృష్టిలో 'పంక్', అంటే పెద్దల్ని నిలదీసే తిరుగుబాటు గుణం, ఉందా లేదా అనేదానికి పరీక్ష.

ఈ ప్రశ్న మొదటి నుంచీ ఉంది కూడా. మైకేల్ మూర్‌కాక్ 1971లోనే, అంటే ఆ పేరు పుట్టకముందే, 'ది వార్‌లార్డ్ ఆఫ్ ది ఎయిర్' రాశాడు. 1902లో హిమాలయాల్లో ఉన్న ఒక బ్రిటిష్ సైనికాధికారి 1973లో కళ్లు తెరుస్తాడు. మొదటి ప్రపంచయుద్ధం జరగలేదు, సామ్రాజ్యం చెక్కుచెదరలేదు, ఆకాశం నిండా ఎయిర్‌షిప్‌లు, అంతా శుభ్రం, అంతా క్రమశిక్షణ. ఆయనకి మహా నచ్చుతుంది. ఆ క్రమశిక్షణకి ఎవరు ఖరీదు కడుతున్నారో తెలిసేదాకా. ఇంతకంటే చెబితే కథ చెడిపోతుంది.

ఈ మధ్యవాటిలో నీసి షాల్ 'ఎవర్‌ఫెయిర్' (2016) చూడండి. బెల్జియం రాజు లియోపోల్డ్ కాంగోలో రబ్బరు కోసం చేసిన ఘోరాలు చరిత్ర: కోటా తేలేదని చేతులు నరికేవాళ్లు. ఆ నేల మీద ఆవిరి సాంకేతికత కాంగో ప్రజల చేతికే వస్తే ఏమయ్యేదని ఆ నవల ఊహిస్తుంది, నరికిన చేతుల స్థానంలో లోహపు చేతులు వస్తాయి. గేర్లు అలంకారం కాకుండా పోవడమంటే ఏంటో ఒక్క పేజీలో తెలుస్తుంది. పాత్రలు మరీ ఎక్కువ, అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య ఏళ్లు దొర్లిపోతాయి, అది చిరాకే. క్లార్క్ కైరో కథల్లో జిన్నులు లోకంలోకి రావడంతో ఈజిప్టు బ్రిటిష్ వాళ్లని వెళ్లగొట్టి 1912 కల్లా పెద్ద దేశాల్లో ఒకటవుతుంది, ఆ వరసలో వచ్చిన 'ఎ మాస్టర్ ఆఫ్ జిన్' 2021 ఉత్తమ నవలగా నెబ్యులా అనే పేరున్న సైన్స్ ఫిక్షన్ అవార్డు గెలుచుకుంది. ఆగ్నేయాసియా రచయితల కథలతో 'ది సీ ఈజ్ అవర్స్' (2015) అనే సంకలనం ఉంది. శ్వేతా నారాయణ్ అక్బర్ ఆస్థానంలో యంత్రపక్షుల మీద రాసిన కథ వాండర్‌మీర్ దంపతుల రెండో స్టీమ్‌పంక్ సంకలనంలో దొరుకుతుంది.

మీ 'బొగ్గు ఎవరు వేస్తారు' పరీక్షలో మామూలు సాహస నవలలు పాసవుతాయా?

అవుతాయి, 'బోన్‌షేకర్' అయింది. సియాటిల్ నగరం కింద ఒక పెద్ద డ్రిల్లింగ్ యంత్రం తవ్వుకుంటూ పోవడంతో భూమిలోంచి విషవాయువు లేస్తుంది, ఊరి చుట్టూ ఎత్తైన గోడ కట్టి వదిలేస్తారు. పదహారేళ్ల తర్వాత ఆ యంత్రం కనిపెట్టినవాడి కొడుకు లోపలికి దూరతాడు, వాడి కోసం తల్లి వెళ్తుంది. లోపల ఇంకా బతుకుతున్నవాళ్లకి మంచి గాలి కావాలి కదా, ఆ గాలిని పంపులతో లోపలికి కొట్టే పని చీనా కార్మికులది. వాళ్లు ఆపితే అందరూ పోతారు. రచయిత్రి ఆ విషయం మీద ఉపన్యాసం ఇవ్వదు, పంపుల చప్పుడు వినిపిస్తుందంతే. నాకైతే ఇంకొంచెం వాళ్ల వైపు నుంచి చెప్పి ఉంటే బాగుండేది. (మొదటి ముద్రణ గోధుమరంగు సిరాతో వేశారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, రాత్రి లైటు కింద కళ్లు పీకుతాయి.)

రివ్యూలో సైన్స్ తప్పులు వెతకాలా?

ఆవిరితో అంత పెద్ద ఓడ గాల్లోకి లేవదని రాయడం వల్ల ఎవరికీ లాభం లేదు, అది ఒప్పుకునే కదా పుస్తకం తెరిచాం. కానీ నిజంగా ఏం జరిగిందో తెలిస్తే కథ ఎంత అబద్ధమాడుతోందో, ఎంత తెలివిగా ఆడుతోందో తూచగలం. 1852 సెప్టెంబరు 24న హెన్రీ జిఫార్ అనే ఫ్రెంచి ఇంజినీరు ఆవిరియంత్రం బిగించిన ఎయిర్‌షిప్‌లో పారిస్ నుంచి ట్రాప్ దాకా, సుమారు 27 కిలోమీటర్లు వెళ్లాడు. ఇంజను శక్తి మూడు హార్స్‌పవర్. అంటే మన పొలంలో మోటారంత. పైన హైడ్రోజన్ సంచి, కింద నిప్పు, అందుకే పొగగొట్టం కిందికి తిప్పి పెట్టాడు. గాలికి ఎదురు తిరిగి వెనక్కి మాత్రం రాలేకపోయాడు.

ఇది తెలిశాక నవలలో ఎయిర్‌షిప్ కనబడితే నేను చూసేవి మూడు: నీళ్లు ఎక్కడ నింపుకుంటోంది, నిప్పురవ్వల భయం ఎవరికైనా ఉందా, ఎదురుగాలి వస్తే ఏం చేస్తున్నారు. ఈ ఇబ్బందుల్లోంచి కథ పుట్టించిన రచయితకి నా దగ్గర మార్కులు ఎక్కువ. నీళ్లు అయిపోయి శత్రువు ఊళ్లో దిగాల్సి రావడం, అదీ కథ!

కథ చెప్పేయకుండా రివ్యూ ఎలా రాయాలి?

మొదటి మూడో వంతులో జరిగేది చెప్పొచ్చన్నది నేను పాటించే లెక్క. తర్వాతది చెప్పక తప్పకపోతే ముందే హెచ్చరించి, విడిగా కింద రాయండి. ఈ తరహా నవలల్లో ఇంకో చిక్కుంది: కథ కంటే లోకమే పెద్ద రహస్యం. ఆ యంత్రం దేనికి, ఆ నగరం ఎందుకు అలా ఉంది అనేది పాఠకుడు మెల్లగా కనిపెట్టాలి. హీరో చనిపోతాడని చెప్పకపోయినా, లోకం గుట్టు చెబితే అదీ స్పాయిలరే. వెనక అట్ట మీద ప్రచురణకర్తే చెప్పేస్తే మనం చేసేదేం లేదు.

నచ్చని పుస్తకం గురించి రాయాలా?

రాయండి, ఎందుకు నచ్చలేదో చెప్పగలిగితే. 'బోర్ కొట్టింది' అనేది మీ సాయంత్రం గురించి చెబుతుంది, పుస్తకం గురించి కాదు. ఎన్నో పేజీలో కొట్టింది, అక్కడ ఏం జరుగుతోంది, యంత్రాల వర్ణన మూడు పేజీలు సాగిందా, మాటలు 2020ల్లో వాళ్లలా ఉన్నాయా, అవి రాయండి. మధ్యలో వదిలేస్తే వదిలేశానని రాయండి, పూర్తిగా చదివినట్టు నటించొద్దు. రచయిత్రి ఫొటో, ఇంటిపేరు, వయసు జోలికి వెళ్లకండి.

ఉచితంగా పుస్తకం పంపిస్తే?

మొదటి లైన్లోనే చెప్పేయండి. తర్వాత ఎంత పొగిడినా, తిట్టినా ఎవరూ అనుమానించరు.

ఐదుకి ఎన్ని స్టార్లు ఇవ్వాలో తేలక టెన్షన్ పడుతున్నాను.

నాలుగు ఇచ్చేసి నిద్రపోండి. స్టార్ల మీద నాకు నమ్మకం తక్కువ. 'ఎవర్‌ఫెయిర్'కి ఆలోచనకి ఐదు, నడకకి మూడు ఇస్తాను, వాటిని కలిపి నాలుగంటే ఏం తెలిసింది? రెండు వాక్యాల్లో ఎవరికి నచ్చుతుంది, ఎవరికి నచ్చదు అని రాస్తే చాలు.

సిరీస్ అంతా చదివాకే రాయాలా?

అక్కర్లేదు. మొదటి భాగం దానంతట అది నిలబడుతుందా లేదా అన్నదే కొత్త పాఠకుడికి కావాలి. ఇప్పుడు అన్నీ మూడు భాగాలే, కొన్ని ఆరు. మొదటిది మధ్యలో తెగిపోతే అది గట్టిగా రాయండి, డబ్బు పెట్టేది వాళ్లు.

ఇంగ్లీష్ కష్టంగా ఉంది, పాత లండన్ యాస అర్థం కాదు.

మొదటి యాభై పేజీలు డిక్షనరీ ముట్టుకోకుండా లాగించండి. సగం మాటలు రచయిత కల్పించినవే, డిక్షనరీలో ఉండవు. వింటే తేలికగా ఉంటుందనుకుంటే ఆడియో పుస్తకం ప్రయత్నించండి, యాస చెవికి త్వరగా అలవాటవుతుంది.

స్టీమ్‌పంక్‌లో జాంబీలు, రక్తపిశాచులు ఎందుకు దూరుతున్నాయి?

అమ్ముడుపోతాయి కాబట్టి. అయినా గెయిల్ కారిగర్ లాంటివాళ్లు వాటితో నవ్విస్తారు. ఆవిడ 'ప్రూడెన్స్' (2015)లో ఎయిర్‌షిప్ టీ పని మీద మన దేశానికే వస్తుంది, మన రాక్షసుల్ని రక్తపిశాచులుగా, వానరుల్ని రూపం మార్చుకునే కోతులుగా చూపిస్తుంది. నేను నవ్వాను, కాస్త ఇబ్బందీ పడ్డాను. రివ్యూలో రెండూ రాయొచ్చు.

మన నేల మీద ఇలాంటి కథకి ముడిసరుకు ఉందా?

కావలసినంత. 1905లో రొకేయా సఖావత్ హుసేన్ 'సుల్తానాస్ డ్రీమ్' రాసింది: ఎగిరే బండ్లు, సూర్యుడి వేడితో నడిచే సాధనాలు, ఇంట్లో పరదాలో మగవాళ్లు, బయట పాలన ఆడవాళ్లది. అది మొదట అచ్చయింది మద్రాసులో కమలా సత్యనాథన్ నడిపిన 'ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో. కమలగారు తెలుగావిడ. కథ అరగంటలో చదివేయొచ్చు, నెట్‌లో ఉచితం.

ఇంకా కావాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకీ బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టే గడియారం ముందు నిలబడండి, మధ్యాహ్నం పన్నెండుకి వెళ్తే జనం కూడా ఉంటారు. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడికి నిజాం రైలు మొదలైంది. 1847లో మొదలై 1852కి ధవళేశ్వరం ఆనకట్ట లేచింది, దాని రాళ్లు మోసినవాళ్ల పేర్లు మనకి తెలీవు, కాటన్ దొర పేరు తెలుసు. ఇందులో ఏ ఒక్కటి పట్టుకున్నా నవల అవుతుంది. ఎవరైనా రాస్తే మొదటి రివ్యూ నాది.

రివ్యూ రాశాక రచయితని ట్యాగ్ చేయాలా?

పొగిడితే చేయండి, సంతోషిస్తారు. తిడితే చేయొద్దు, అది పాఠకుల కోసం రాసింది కదా, వాళ్లకి చేరితే చాలు.